వార్షిక నివేదిక: విద్యార్థులకు డిజిటల్ బాధ్యత, భద్రత

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం ప్రకారం, ఈ ఏడాది మన సంఘం తన సమయంలో అధిక భాగాన్ని ఒకే పనికి కేటాయించింది. ఫోను, ఇంటర్నెట్ వాడే విద్యార్థులు తమను తాము కాపాడుకుంటూ, ఎదుటివారికి హాని చేయకుండా మెలగడం నేర్పించడమే ఆ పని. ఏం చేశామో, ఎక్కడ పొరబడ్డామో, మధ్యలో దారి ఎందుకు మార్చుకున్నామో కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను.

మొదటి కొన్ని నెలలు మేము చేసింది ప్రధానంగా హెచ్చరించడమే. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, తెలియని లింకు నొక్కవద్దు, ముక్కూమొహం తెలియనివారితో స్నేహం చేయవద్దు అని చెబుతూ వచ్చాం. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. అయితే తరగతి చివర ఒక పెట్టె పెట్టి, పేరు రాయకుండా మనసులోని ప్రశ్నను చీటీ మీద రాసి వేయమన్నప్పుడు అసలు సంగతి తెలిసింది. ఏది ప్రమాదమని అడిగిన చీటీలు తక్కువ. జరగవలసింది జరిగిపోయిందని, ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారని, ఇప్పుడేం చేయాలని అడిగినవే ఎక్కువ. ఒక చీటీలో ఒక్క వాక్యమే ఉంది: "అమ్మకు తెలియకుండా దీన్ని ఆపించగలరా?" దేన్ని ఆపించాలో రాయలేదు. ఆ చీటీ ఎవరిదో చేతిరాతను బట్టి వెతకవచ్చని ఒక సూచన వచ్చింది కానీ, అలా చేస్తే ఆ పెట్టె మీద పిల్లలకున్న నమ్మకం పూర్తిగా పోతుందని కార్యవర్గం అంగీకరించలేదు. దానికి బదులు తర్వాతి తరగతి మొత్తాన్నీ, సహాయం ఎవరిని, ఎలా అడగాలన్న విషయానికే కేటాయించాం.

2019లో యునిసెఫ్ 30 దేశాల యువతను అడిగినప్పుడు ప్రతి ముగ్గురిలో ఒకరు తాము ఆన్‌లైన్ వేధింపులకు గురయ్యామని, ప్రతి ఐదుగురిలో ఒకరు ఆన్‌లైన్ వేధింపులు, హింస కారణంగా బడి ఎగ్గొట్టామని చెప్పారు. మనకు చీటీల్లో కనిపించిన కష్టం మన పిల్లలది మాత్రమే కాదని ఆ లెక్క చెబుతోంది.

ఇంట్లో చెప్పడానికే పిల్లలు భయపడుతున్నారని చీటీలు చెప్పాయి కనుక, ఏడాది రెండో భాగంలో తల్లిదండ్రులతోనే ఎక్కువసార్లు కూర్చున్నాం. ఫొటో చేజిక్కించుకుని బెదిరించేవాడికి ఉన్న ప్రధాన బలం "మీ ఇంట్లోవాళ్లకు పంపిస్తాను" అనే మాటే. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం బిడ్డకు ఎంత ఎక్కువగా ఉంటే వాడికి అంత పట్టు దొరుకుతుంది. "నువ్వుగా వచ్చి చెప్పిన విషయానికి నీ ఫోను తీసుకోము" అని తల్లిదండ్రులు పిల్లలకు రాసి ఇవ్వాలని మేము కోరింది ఇందుకే. ఇది పిల్లలకు అలుసు ఇవ్వడమేనని కొందరు తల్లిదండ్రులు గట్టిగా వాదించారు. వారి ఆందోళన అర్థం చేసుకోదగినదే అయినా, చెప్పినందుకు శిక్ష పడుతుందని తెలిసిన బిడ్డ రెండోసారి చెప్పదన్నది మా నిశ్చితాభిప్రాయం.

బెదిరింపు వచ్చినప్పుడు చేయవలసిన పనులను పిల్లలకు, పెద్దలకు ఒకే మాటగా చెప్పాం. డబ్బు ఇవ్వకూడదు, ఎందుకంటే ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. భయపడి సందేశాలు చెరిపేయకూడదు. వాటికి స్క్రీన్‌షాట్ తీసి దాచి, ఆ ఖాతాపై ఫిర్యాదు చేసి, బ్లాక్ చేసి, వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పాలి. 18 ఏళ్లలోపు తీసిన నగ్నచిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ నడుపుతున్న 'టేక్ ఇట్ డౌన్' సేవ గురించి కూడా వివరించాం. ఫొటో మన ఫోనులోనే ఉంటుంది. దాని నుంచి తయారైన, వేలిముద్ర లాంటి ఒక డిజిటల్ గుర్తు మాత్రమే బయటికి వెళుతుంది. ఆ సేవలో చేరిన ఆన్‌లైన్ వేదికలు తమ దగ్గరున్న చిత్రాలను దానితో పోల్చి చూసి ఆ చిత్రాన్ని తొలగించగలవు. పేరు చెప్పనక్కరలేదు అన్నప్పుడు, అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న పిల్లలు చాలామంది తలెత్తి చూశారు.

ఫొటోల విషయంలో మా తప్పు ఒకటి చెప్పాలి. ఒక మామూలు ఫొటోలో అపరిచితుడికి ఏమేం తెలుస్తాయో పిల్లల చేత వెతికించాం. మెడలోని గుర్తింపు కార్డు, వెనుక గోడ మీది బోర్డు, చొక్కా మీది బడి చిహ్నం, సెట్టింగు ఆపకపోతే ఫైలులోనే దాగి ఉండే స్థల వివరం, ఇవన్నీ వారే కనిపెట్టారు. అప్పుడు తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు లేచి, మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన బహుమతి ప్రదానం ఫొటోల కింద పిల్లల పేర్లు, తరగతులు ఎందుకు రాశారని అడిగారు. ఆమె అడిగింది అక్షరాలా నిజం. ఆ సాయంత్రమే వాటిని తొలగించి, పిల్లలకు క్షమాపణ చెప్పాం. ఇకపై పిల్లల అనుమతి, తల్లిదండ్రుల అనుమతి రెండూ లేకుండా సంఘం ఏ ఫొటో పంచుకోదు, పంచుకున్నా పేర్లు రాయదు.

బాధ్యత సంగతికి వస్తే, ఒక సహవిద్యార్థి ఫొటోతో వెక్కిరింత స్టిక్కరు చేసి తరగతి గ్రూపులో తిప్పిన సందర్భాన్ని పిల్లల చేత చర్చింపజేశాం. చేసింది ఒక్కరే, నవ్వు గుర్తు పెట్టింది పదిమంది అనుకుంటే, ఆ బిడ్డకు మాత్రం పదకొండుమంది కనిపిస్తారని వారే అన్నారు. గ్రూపులో ఎదిరించే ధైర్యం లేనివారు కూడా ఆ బిడ్డకు విడిగా "నేను నీతో ఉన్నాను" అని ఒక్క సందేశం పంపవచ్చని నేర్పాం.

వార్తల నిజానిజాలు తేల్చుకోవడానికి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించిన పద్ధతి బాగా పనికొచ్చింది. చరిత్ర ఆచార్యులు, విద్యార్థులు ఆ పేజీలోనే ఉండి దాని హంగులు చూసి నమ్మితే, నిజనిర్ధారకులు వెంటనే వేరే ట్యాబులు తెరిచి దాని గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. పాస్‌వర్డ్ పొడవుగా ఉండడం, ఖాతాకొకటి ఉండడం, పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం అన్న మూడు అంశాలు ఒక్క తరగతిలోనే పూర్తయ్యాయి.

ప్రాథమిక తరగతుల పిల్లలకు ఈ ఏడాది ఏమీ చేయలేకపోయాం. వచ్చే ఏడాది పై తరగతుల విద్యార్థులే వారికి నేర్పేలా ఏర్పాటు చేస్తున్నాం. ప్రశ్నల పెట్టె సెలవుల్లో కూడా సంఘం కార్యాలయం గుమ్మం పక్కనే ఉంటుంది. తాళంచెవి ఇద్దరు సభ్యుల దగ్గర మాత్రమే ఉంటుంది, వారానికోసారి ఇద్దరూ కలిసే తెరుస్తారు.