పిలిస్తే రావాలంట

కావలి,
16 నవంబరు 2025, ఆదివారం

ఒరేయ్ రమణా,

మొన్న శుక్రవారం పొద్దుగూకే వేళకి ఫోను మోగింది. మా రొయ్యల కంపెనీ వాళ్ళేమోనని తడిచేత్తోనే పట్టుకున్నా. చూస్తే నువ్వు పంపిన పదివేలు. మాట లేదు, మెసేజీ లేదు, ఉత్త డబ్బులే. నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీసి మళ్ళీ పక్కన పెట్టేశా. నోటితో చెప్పబోతే మధ్యలో గొంతు పట్టేస్తుందని తెలుసు. డిగ్రీ సెలవుల్లో రాసుకున్నట్టు ఉత్తరమే రాద్దామని కూర్చున్నా. నీకు ఎవరు చెప్పారని అడగను. మీ అక్క మార్కెట్లో కనపడింది, నా మొహం చూసే కనిపెట్టి ఉంటుంది.

పని పోయిందా అంటే ఏం చెప్పాలో నాకే తెలీదురా. సెప్టెంబరు ఆఖర్లో మేనేజరు పిలిచి, "ఒకటో తారీఖు నుంచి రావొద్దులే, పిలిచినప్పుడు వద్దువుగాని" అన్నాడు. తీసేస్తున్నామని అనలా. కాయితమూ ఇవ్వలా. పదకొండేళ్ళు టైం ఆఫీసులో కూర్చుని వందలమంది హాజరు రాసినోణ్ణి. ఇప్పుడు నా పేరు ఎదురుగా ఏం రాయాలో నాకు తెలియడం లేదు. నెలన్నర దాటింది. పిలుపు రాలా. పొద్దున ఐదింటికి బస్సు హారను వినపడితే ఇప్పటికీ లేచి కూర్చుంటా.

అమెరికా సుంకం సంగతి నీకు తెలిసిందే. మన దేశం సరుకు మీద ఆగస్టు 7న 25 శాతం వేశారు, 27 నుంచి 50 చేశారు. రొయ్యల మీద ముందు నుంచీ ఉన్నవి కూడా కలిపితే 58 శాతం దాటింది. మన దేశం నుంచి 2024-25లో బయటికి పోయిన ఐసు రొయ్య 7.41 లక్షల టన్నులు. అందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికానే కొనింది. నూటికి నలభై రెండు పాళ్ళు ఒకే ఇంటికి పోస్తా ఉన్నామన్నమాట. ఆ ఇంటాయన తలుపేసుకుంటే మన వీధిలో పొయ్యి ఆరిపోయింది.

నాకు ఈ లెక్క పేపర్లో కంటే ముందు బస్సుల్లో కనపడింది. జూలైలో ఐదు బస్సులు తిరిగేవి. బోగోలు, జలదంకి, అల్లూరు వైపు పల్లెల నుంచి ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని దిగేవాళ్ళు. సుంకం పడేలోగా సరుకు పంపెయ్యాలని రాత్రిళ్ళు కూడా పని నడిపారు. తల తీసేవాళ్ళకి, పొట్టు వలిచేవాళ్ళకి ఐసులో నాని నాని వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉండేవి. అయినా కిలోకి ఇంతని కూలి గనక, ఎక్కువ వలిస్తే ఎక్కువ వస్తుందని ఎవరూ తల ఎత్తేవాళ్ళు కాదు. వినాయకచవితి వెళ్ళాక మూడు బస్సులయ్యాయి. తర్వాత రెండు. నేను బయటికి వచ్చేసే రోజుకి ఒకటే, అందులోనూ వెనక సీట్లు ఖాళీ.

తుమ్మలపెంట సుబ్బమ్మక్క నీకు గుర్తుండదులే. మా షెడ్డులో ఆమెంత చురుగ్గా వలిచేవాళ్ళు లేరు. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లల్ని ఆ చేతులతోనే చదివిస్తా ఉంది. ఆమెకిప్పుడు వారానికి రెండు రోజులు పని దొరికితే గొప్ప. మిగతా రోజులు కరువు పని ఉందేమోనని పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరుగుతా ఉంది. ఒక విషయం తెలుసుకుని నా మనసు చెడిపోయింది రమణా. నిరుద్యోగం లెక్కని కేంద్రం ఈ ఏడాది నుంచి నెలనెలా చెబుతోంది కదా, ఏప్రిల్లో దేశం మొత్తానికి 5.1 శాతం అన్నారు. ఆ లెక్కలో, వారం మొత్తంలో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా ఆ మనిషికి పని ఉన్నట్టే. అంటే సుబ్బమ్మక్క ఉద్యోగం ఉన్న మనిషి. ఆరు రోజుల కూలి రెండు రోజులకి పడిపోయిన సంగతి ఆ అంకెలో యాడా లేదు. లెక్క తప్పని నేననను, ప్రపంచమంతా దాదాపు అట్టానే లెక్కేస్తారు. కానీ ఆ ఒక్క అంకె చూసి అంతా బాగానే ఉందనుకునేవాళ్ళని ఒక్కసారి మా బస్సు దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపిస్తుంది.

జవహర్ భారతి కాలేజీలో మన ఎకనామిక్స్ మేష్టారు బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీసి, "ఒకడి ఖర్చు ఇంకొకడి ఆదాయం" అని చెప్పేవారు చూడు. కీన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1936లో రాసిన సంగతి అది. అందరూ ఒకేసారి జేబు మూసేస్తే ఎవరికీ మిగలదని. పరీక్షకి బట్టీ పట్టాం, పది మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు మా వీధిలో ఆ బాణాలు కళ్ళకి కనపడతా ఉన్నాయి. మా ఆవిడ లీటరు పాలు అర లీటరు చేసింది. పాలాయన గేదెకి తవుడు తగ్గించాడు. కంపెనీ గేటు ముందు టీ బంకు పెట్టుకున్న అబ్బాయి కుర్రాణ్ణి మాన్పించేశాడు. ఆ కుర్రాడు చెన్నై బండెక్కాడు. ఎవరూ తప్పు చెయ్యలా, ఎవరి ఇల్లు వాళ్ళు జాగ్రత్త చేసుకున్నారు, అంతే.

అసలు చీటీ సంగతి చెప్పాలి. మా వీధి చివర ఒక పెద్దామె చీటీలు వేస్తుంది, పదిహేనేళ్ళుగా ఒక్క రూపాయి తేడా రాలేదు. ఇరవైమంది, నెలకి ఐదేసి వేలు, లక్ష చీటీ. నిరుడు ఇదే రోజుల్లో పాటకి కూర్చుంటే పాడేవాళ్ళే లేరు. "నాకిప్పుడు అవసరం లేదు, ఆఖర్న తీసుకుంటా" అనేవాళ్ళే అందరూ. ఎవరో ఒకరు తొంభై రెండు వేలకి పాడుకుంటే మిగిలిన ఎనిమిది వేలు తలా కాస్త పంచుకునేవాళ్ళం. మొన్న పదకొండో తారీఖు పాటలో తొమ్మిదిమంది పోటీ పడ్డారురా. తొంభై నుంచి ఎనభై, ఎనభై నుంచి డెబ్బై. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పాడుతున్నారు. చివరికి అరవై నాలుగు వేలకి ఆగింది. ముప్ఫై ఆరు వేలు వదులుకుని పట్టుకుపోయాడు ఆ మనిషి. లారీ డ్రైవరు, మన కంపెనీకే మేత, సరుకు తోలేవాడు. కిస్తీకి బండి ఎత్తుకుపోతారని భయం.

ఎవరి ఇంట్లో ఎంత ఇబ్బంది ఉందో గవర్నమెంటు సర్వే కంటే ఆ పాట బాగా చెబుతుందని నా నమ్మకం. పని గట్టిగా ఉన్నప్పుడు జనం డబ్బుని రేపటికి వదిలిపెడతారు. పని ఊగితే ఎంత నష్టానికైనా ఇవాళే కావాలంటారు. దేశం స్థిరత్వం అని పుస్తకాల్లో రాసేది మా వీధిలో ఆ తొంభై రెండు వేలే. ఈ నెల ఇద్దరు ఆడవాళ్ళు కట్టలేకపోతే ఆ పెద్దామె మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి సర్దింది. మాట పోగూడదని. నీ పదివేలలో ఐదు ఆమెకే ఇచ్చానురా, మా చీటీ డబ్బు కింద. అడక్కుండా పంపావు గనక అడక్కుండా ఖర్చు చేశా.

బంగారం పది గ్రాములు లక్షా ఇరవై వేలు దాటడంతో ఇంకో ముప్పొచ్చింది. పాత తాకట్టు విడిపించి, అదే నగ మీద ఇంకా ఎక్కువ తెచ్చుకుంటున్నారు. చేతికి డబ్బు వచ్చిందని ఊపిరి పీల్చుకుంటున్నారు గానీ, అప్పు పెద్దదయింది, తీర్చే కూలి చిన్నదయింది. ఆ సంగతి చెబితే తల ఊపుతారు. ఊపి, మళ్ళీ బ్యాంకుకి పోతారు. పిల్లల ఫీజు ఆగదు కదా.

నా సంగతికొస్తే, ఈఎస్ఐలో, అదే కార్మికుల బీమాలో, ఒక పథకం ఉంది. పని పోయినవాళ్ళకి సగటు రోజు కూలిలో సగం, తొంభై రోజుల దాకా, జీవితంలో ఒకసారి ఇస్తారు. 2018లో పెట్టారు, అప్పట్లో పావు వంతే, 2020లో సగం చేశారు. పదకొండేళ్ళు నా జీతంలోంచి కోత పడింది కదా, అడుగుదామనుకున్నా. అడగాలంటే పని పోయి ఉండాలి. నాకు పోయిందని ఎవరూ చెప్పలా. ఆ "పిలిస్తే రా" అన్న మాట అక్కడ అడ్డం పడింది. కోపం నాకు మేనేజరు మీద లేదు, ఆయన మొహంలో కూడా నిద్ర లేదు. మనిషిని పనిలో ఉంచకుండా, తీసెయ్యకుండా మధ్యలో వేలాడదీసే ఆ పద్ధతి మీద కోపం. కాంట్రాక్టరు కింద వలిచే ఆడవాళ్ళు చాలామందికి ఆ ఈఎస్ఐ కార్డు కూడా లేదు. నష్టపోయిన ఎగుమతిదారు పేరు ఏదో ఒక కాయితం మీద ఉంటుంది. చెరువు రైతు సంఘం పెట్టుకుని గొంతు వినిపిస్తాడు. సుబ్బమ్మక్క పేరు నేను రాసిన హాజరు పుస్తకంలో తప్ప యాడా లేదురా.

అందుకని ఒక పని మొదలుపెట్టా. ఆదివారం ఆదివారం టీ బంకు దగ్గర బెంచీ మీద కూర్చుంటా ఉన్నా. ఆడవాళ్ళు పీఎఫ్ నంబర్లు, ఆధార్లు పట్టుకుని వస్తారు. కార్డు ఉన్నవాళ్ళకి డబ్బు పడిందో లేదో ఫోన్లో చూసి చెబుతా, లేనివాళ్ళ పేర్లు, ఏ ఏడాది నుంచి చేశారో ఒక నోట్సులో రాస్తా. ఇవాళ్టికి నలభై ఒక్క పేర్లు అయ్యాయి. తారీఖులు నాకు గుర్తే, నేను రాసినవే కదా. లేబరు ఆఫీసులో ఇస్తే ఏమవుతుందో చూద్దాం. మా అమ్మాయి అక్షరాలు బాగుంటాయని మంచి కాపీ అది రాస్తా ఉంది. ఇంటరు రెండో ఏడు. ఏమీ అడగడం మానేసింది ఈ మధ్య. ముందు అదే నాకు ఎక్కువ నొప్పిగా ఉండేది. పేర్లు రాసేటప్పుడు మాత్రం, "ఈమె ఏ ఊరు నాన్నా, ఎన్నేళ్ళు చేసింది నాన్నా" అని అడుగుతుంది.

నీతో ఒక పని ఉంది. నువ్వు బ్యాంకు మనిషివి గనక. తాకట్టు గడువు దాటబోతున్న వాళ్ళు మా నోట్సులోనే ఆరుగురు ఉండారు. వడ్డీ వరకు కట్టి గడువు పెంచుకోవాలంటే ముందుగా ఎవరికి, ఏమని అర్జీ పెట్టుకోవాలో, వేలం నోటీసు వస్తే ఎన్ని రోజుల్లో స్పందించాలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక కాయితం మీద రాసి పంపు. నేను జిరాక్సు తీయించి బంకులో అంటిస్తా. డిసెంబరు పదకొండున మళ్ళీ పాట ఉంది, ఆ లోపల నాకు చేరాలి.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
ప్రసాదు