ఆ సైకిల్ గుర్తుందా మామా

చిత్తూరు,
జూన్ 21

రే మామా,

ఎట్లున్నావు? బెంగుళూరులో వానలు మొదలయ్యాయని విన్నాను. ఇక్కడ ఇంకా మామిడికాయల సీజనే. బంగారుపాళ్యం వైపు ఎటు చూసినా తోతాపురి ట్రాక్టర్లే. ఫోన్‌లో అయితే సగం చెప్పి వదిలేస్తానని, ఆదివారం పూట కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నా.

టెన్త్ ఫలితాలు వచ్చాక ప్రతి ఏడూ నేను ఒక పని చేస్తాను. హెచ్చెమ్ గారి బీరువాలోంచి టీసీల కట్ట తీసి, ఎవరివి మిగిలాయో చూస్తాను. కాలేజీలో చేరేవాళ్ళు టీసీ కోసం వస్తారు. రాలేదంటే ఎక్కడా చేరలేదనే లెక్క. ఈసారి పదకొండు మిగిలాయి. వాటిలో ఎనిమిది ఆడపిల్లలవి. మగపిల్లలు ముగ్గురూ కాయల లోడింగుకి పోతున్నారు, వాళ్ళ సంగతి ఇంకోసారి రాస్తా. కట్టలో పైనున్న టీసీ ఎవరిదనుకున్నావు? మా బడి ఫస్టు పిల్లది. 600కి 561. లెక్కల్లో 97. ఆ మిగతా మూడు మార్కులు ఎక్కడ పోయాయో చూసుకోవడానికి క్వశ్చన్ పేపర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్ల.

వీళ్ళు చదువు రాక ఆగిపోతున్నవాళ్ళు కాదు మామా. 2025 టెన్త్ ఫలితాల్లో రాష్ట్రం మొత్తం మీద ఆడపిల్లలు 84.09 శాతం పాసైతే మగపిల్లలు 78.31 శాతమే. ఏటా ఇదే వరస. అట్లాంటి పిల్లలు జూన్ వచ్చేసరికి ఇంట్లో ఉండిపోతే నాకు అన్నం సయించట్లేదు.

మొన్న సాయంత్రం వాళ్ళింటికి పోయాను. ఆ పిల్ల బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతోంది. నన్ను చూసి లేవబోయి, చెంబు వదిలితే బర్రె తన్నుతుందని అట్లాగే కూర్చుండిపోయింది. తల వంచుకునే “బాగున్నారా సార్” అంది. వాళ్ళమ్మ మంచం వాల్చింది. ఫీజు సంగతి కనుక్కుందామనుకున్నా. ఆమె నన్ను అంతదాకా రానివ్వలేదు.

“అయ్యోరా, చదివించే దానికి నాకూ ఇష్టమే. కాలేజీ విడిచిపెట్టినాక బస్సు క్రాస్ కాడికి వచ్చేసరికి ఆరున్నర. చలికాలం అయితే చీకటే. ఆడ్నించి ఊర్లోకి మూడు కిలోమీటర్లు, మధ్యలో ఒక ఇల్లు లేదు. మీ బిడ్డనైతే పంపిస్తారా?”

నాకు మాట రాలేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్ లేదు, అది మంచిదే. కానీ ఆ ఊర్లోకి బస్సే లేకపోతే ఎక్కేదెట్లా? చట్టం చూస్తే 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు పద్నాలుగేళ్ళ వరకే. అంటే ఎనిమిదో తరగతి దాకా. ఇంట్లో ఆడపిల్ల గురించి భయం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఆ భయం తర్వాత వచ్చేది పెళ్ళి మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని తేలింది. దేశం మొత్తం మీద అది 23.3. మనం దేశం కన్నా వెనక ఉన్నామంటే నాకు సిగ్గుగా ఉంది. ఆ ఎనిమిది మందిలో ఇద్దరికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారట.

తిరిగి వస్తుంటే దారంతా మీ అక్కే గుర్తొచ్చింది. 1994లో అక్క ఏడో తరగతి కామన్ పరీక్షలో మనూరి బడికంతా ఫస్టు. హైస్కూలు ఐదు కిలోమీటర్లని ఆపేశారు. రెండేళ్ళకి మనిద్దరం అదే హైస్కూలుకి పోవాల్సి వస్తే, మీ నాయన శెనక్కాయలు అమ్మి నీకు సైకిల్ కొన్నాడు. పచ్చ రంగు, వెనక క్యారియర్. రోజూ పొద్దున అక్కే దాన్ని తుడిచి నీకు ఇచ్చేది, గుర్తుందా? నీ హోంవర్కు లెక్కలు కూడా అక్కే చేసిపెట్టేది. నిన్ను తప్పు పట్టట్లేదురా. ఆ క్యారియర్ మీద కూర్చుని చదువుకున్నవాణ్ణి నేనూ.

అక్కని ఆపేసిన ఆ 1994లోనే బంగ్లాదేశ్‌లో పల్లెటూరి ఆడపిల్లలకి హైస్కూలు స్టైపెండు దేశమంతా మొదలుపెట్టారు. మూడు షరతులు: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్ళి కాకూడదు. ఇప్పుడు అక్కడ హైస్కూళ్ళలో మగపిల్లల కన్నా ఆడపిల్లలే ఎక్కువ. మనకన్నా బీద దేశంగా ఉన్నప్పుడే చేశారు ఆ పని. అయినా చిన్న వయసు పెళ్ళిళ్ళు అక్కడ ఇంకా చాలా ఎక్కువ, డబ్బు ఒక్కటే అన్నీ చెయ్యలేదు. బీహార్ సంగతైతే నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని రెండు వేలు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. మగపిల్లలకీ వాళ్ళకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువగా ఏ ఊర్లలో పెరిగిందో తెలుసా? హైస్కూలుకి మూడు కిలోమీటర్లు, అంతకన్నా దూరం ఉన్న ఊర్లలో. పిల్లలందరూ గుంపుగా సైకిళ్ళ మీద పోతుంటే తల్లిదండ్రులకి ధైర్యం వచ్చిందట.

సైకిల్ ఒక్కటే చాలదు ఇక్కడ, చీకట్లో ఒంటరి పిల్లకి. తోడు కావాలి. ఆ ఊరు మీ అక్క మెట్టినూరే కదా. మర్నాడు పొద్దున్నే పోయి అక్కని అడిగాను. పాల కేంద్రం క్రాస్ దగ్గరే. “సాయంత్రం నేను ఎట్లా పాలు పోసే దానికి ఆడికి పోతా కదబ్బా. ఫ్యాట్ చూసి, క్యాన్ కడుక్కునేసరికి బస్సు టయం అవుతాది. పాపని నేను పిల్చుకొస్తాలే” అంది, అదేదో చిన్న పని అయినట్టు. నేను నీ సైకిల్ మాట ఎత్తాను. కొంగుతో క్యాన్ మూత తుడుస్తూ, “వాడు చిన్నోడు, వానికేం తెలుసు” అని ఊరుకుంది.

నిన్న ఆ పిల్ల టీసీకి వచ్చింది. వాళ్ళమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు, దీపావళి దాకా చూస్తానందట. ఎంపీసీలో చేరుతోంది. మిగిలిన ఏడింటిలో ఇద్దరిది అదే రూటు, వాళ్ళ ఇళ్ళకి రేపు పోతున్నా.

నువ్వు వచ్చేటప్పుడు అక్కకి ఛార్జింగ్ టార్చి ఒకటి తీసుకురా, దూరం దాకా వెలుతురు పడేది. ఈలోగా అక్కకి ఫోన్ చెయ్యి. రాత్రి ఏడున్నర దాటాక చెయ్యి, అప్పటికి ఇంటికి వచ్చేసి ఉంటుంది.

నీ
మామ