శ్రీధర్ బాబు గారూ, మా ఇంటర్నెట్ వేగాన్ని రాత్రి ఎనిమిది గంటలకు కొలిపించండి

తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్ బాబు గారికి నమస్కారాలు.

నేను నల్లగొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు గణితం బోధిస్తాను. పగలు కళాశాలలో, రాత్రి ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో. రాత్రి తరగతికి వచ్చేవారిలో ఎక్కువమంది దేవరకొండ, చందంపేట వైపు పిల్లలు. హైదరాబాద్‌లో కోచింగ్, హాస్టల్ ఫీజులు కట్టలేని ఇళ్లవాళ్లు. ఎంసెట్ రోజుల నుంచి ఇప్పటి ఈఏపీసెట్ దాకా, మా ప్రాంతపు పిల్లలకు తెలివి తక్కువై ర్యాంకులు రాలేదని నేను ఏనాడూ అనుకోలేదు. చెప్పేవాళ్లు వాళ్ల ఊరి దాకా చేరలేదు, అంతే. ఇప్పుడు చేరే దారి ఉంది కాబట్టే ఈ లేఖ.

ఈ మధ్య మాకు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ నెలవారీ రుసుము పెంచకుండానే వేగాన్ని 50 ఎంబీపీఎస్ నుంచి 100కు పెంచింది. మా వీధిలో అందరి ఫోన్లకూ సందేశం వచ్చింది. సంతోషించాను. జిల్లా కేంద్రాలకు కూడా ఇలాంటివి అందుతున్నాయంటే పోటీ పెరిగిందనే అర్థం, అది మంచిదే. కానీ ఆ వంద డౌన్‌లోడ్ వేగం, అంటే బయటి నుంచి మన ఇంటికి వచ్చే వేగం మాత్రమే. మన ఇంటి నుంచి బయటికి వెళ్లే అప్‌లోడ్ గురించి సందేశంలో ఒక్క ముక్క లేదు. పరీక్షించి చూస్తే అది పాత పది దగ్గరే ఉంది. చీకటి పడి ఇళ్లన్నిటిలో టీవీలు, ఫోన్లు మొదలయ్యాక ఆ పది కూడా నిలవదు.

సినిమా చూసే ఇంటికి ఈ తేడా తెలియదు. పాఠం చెప్పేవారికి మాత్రం క్షణంలో తెలుస్తుంది. ఒక మంచి వీడియో కాల్‌కు రెండు నుంచి నాలుగు ఎంబీపీఎస్ పైకి వెళ్లాలి, అదీ ఆగకుండా. అది తగ్గగానే నేను పలకపై రాసినది అవతల మసకబారుతుంది. "మేడం, ఘాతం రెండా, మూడా?" అని పిల్లలు అడుగుతారు. గణితంలో అది చిన్న సందేహం కాదు, జవాబే మారిపోతుంది. నాలాగే ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, హైదరాబాద్‌లోని వైద్యుడి నివేదిక కోసం స్కానింగ్ చిత్రాలు పంపే కేంద్రాలవారు, డిజైన్లు గీసి పంపే యువకులు అందరూ ఈ అప్‌లోడ్ మీదే బతుకుతున్నారు.

అప్‌లోడ్ పెంచడం కుదరని పని కాదు. ఇళ్లకు ఫైబర్ ఇచ్చేందుకు ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక్క గాజు పోగుపై కిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి సుమారు 1.25 గిగాబిట్లు నడుస్తాయి. దాన్నే స్ప్లిట్టర్ అనే విభజన పరికరం పెట్టి 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. అంటే ఆ పోగులో రెండు వంతులు కిందికి పోతే ఒక వంతు పైకి వెళ్లగలదు. నా ఇంటికి వచ్చేసరికి అది పదింటికి ఒకటి అయింది. పరికరం పెట్టిన హద్దు కాదది, ప్లాన్ పెట్టిన హద్దు.

టెలికాం అనేది కేంద్ర ప్రభుత్వ పరిధిలోని అంశమని నాకు తెలుసు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని కేంద్రం 2013లో 512 కేబీపీఎస్‌గా, అంటే సుమారు అర ఎంబీపీఎస్‌గా పెట్టింది, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. ఆ నిర్వచనంలోనూ చెప్పినది డౌన్‌లోడ్ వేగమే. ప్రైవేటు సంస్థల ప్లాన్లు మార్చమని మీరు ఆదేశించలేరు. మీ చేతిలో ఉన్నది రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ ఇంటర్నెట్ సంస్థ టీ-ఫైబర్. నేను అడిగేది దాని గురించే.

మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులున్న జిల్లాకు ఆ రోజు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. నీటి పైపులైను కోసం తవ్విన కందకంలోనే ఫైబర్ కోసం గొట్టాలు కూడా వేయాలన్న ఆలోచన నుంచే టీ-ఫైబర్ పుట్టింది. దేశంలో చాలా రాష్ట్రాలకు తట్టని మంచి ఆలోచన అది. ప్రభుత్వాలు మారినా దాన్ని వదలకుండా 2024 డిసెంబరులో మీరు కొన్ని గ్రామాల్లో సేవలు ప్రారంభించారు. వాటిలో మీ మంథని నియోజకవర్గపు అడవిశ్రీరాంపూర్ ఉంది, మా పాలమూరు వైపు నారాయణపేట జిల్లా మద్దూరు ఉంది. అప్పుడు చెప్పిన వేగం 20 ఎంబీపీఎస్. పల్లెటూరి ఇంటికి తొలి కనెక్షన్‌గా అది చిన్నదేమీ కాదు. అందులో అప్‌లోడ్ ఎంతో, రాత్రివేళ ఎంత నిలబడుతుందో చందాదారుడికి కాగితం మీద రాసివ్వండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఆ హామీ ఇస్తే, పక్క వీధిలో తీగ లాగే ప్రైవేటు సంస్థ కూడా ఇవ్వక తప్పదు. ఆదేశం లేకుండానే జరిగే పని.

సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవాళ్లం మేము. తూము దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఆయకట్టు చివరి రైతు అడగడు, తన మడి తడిసిందా లేదా అని చూస్తాడు. వేగాన్ని కూడా అలాగే, చివరి ఇంటి దగ్గర, అందరూ వాడే వేళలో కొలవాలి. నల్లగొండలో 2023 అక్టోబరులో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అదే ఏడాది మేలో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లకు కూడా ఆ కొలత వర్తించాలి. టవర్ తలుపులు మూశాక పని ఇంటికే వస్తుంది కదా.

తెగిపోవడం గురించి కూడా చెప్పాలి. రోడ్డు పనుల్లో జేసీబీ దంతం ఒక్కసారి తగిలితే మా పట్టణంలో సగం ఇళ్లకు ఇంటర్నెట్ ఉండదు, ఎందుకంటే చాలా సంస్థలకు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్‌కు ఒక్కటే దారి. ఆ రాత్రి నా తరగతి ఉండదు. దేవరకొండ, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా రెండో దారి ఉంటే ఒకటి తెగినా మరొకటి నడుస్తుంది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ (పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే) పథకం కూడా ఇలా రెండు వైపుల నుంచి చేరే వలయాకార అమరికనే కోరుతోంది. టీ-ఫైబర్ వేసిన పోగుల్లో ఖాళీగా ఉన్నవాటిని మా స్థానిక ఇంటర్నెట్ సంస్థలకు న్యాయమైన అద్దెకు ఇవ్వండి. వాళ్లు సొంతంగా అంత దూరం తవ్వలేరు.

తవ్వేముందు కింద తీగలున్నాయా అని అడిగేందుకు 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. మా దగ్గర గుంతలు తవ్వే గుత్తేదారుల్లో ఎవరూ దాని పేరు ఎత్తగా నేను వినలేదు. రోడ్లు, భవనాల శాఖ మంత్రి కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారు మా నల్లగొండ శాసనసభ్యులే. మీరిద్దరూ కూర్చుని, రాష్ట్ర రహదారుల పనులకు టెండరు పిలిచేటప్పుడే ఆ యాప్‌లో సమాచారం ఇవ్వడాన్ని, కొత్త రోడ్డు పక్కన ఖాళీ గొట్టాలు వేయడాన్ని షరతుగా చేర్చితే చాలు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడు ఎన్ని ఇళ్లు ఇబ్బంది పడ్డాయో మీరు చూశారు. ప్రాణాలకు ముప్పు తెచ్చే తీగలు స్తంభాల మీద ఉండకూడదు, నిజమే. దింపిన తీగకు నేల కింద చోటు ముందే సిద్ధంగా ఉండాలి. మా పట్టణాల్లో ఆ చోటు ఇప్పుడే చేసిపెట్టవచ్చు, ఇక్కడ ఇంకా అంత చిక్కుముడి పడలేదు.

మీ శాఖ ఇంజినీర్లను ఒక రాత్రి నల్లగొండ, దేవరకొండ, మద్దూరులకు పంపండి. ఎనిమిది నుంచి పది మధ్య, కార్యాలయాల్లో కాకుండా ఇళ్లలో, వైఫైతో ఒకసారి, తీగతో ఒకసారి రెండు వేగాలూ కొలవమనండి. వచ్చిన అంకెలను టీ-ఫైబర్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో సహా ప్రచురించండి. వాళ్లు మా ఇంటికి వస్తే తరగతి ఆపను, అది నడుస్తుండగానే కొలుచుకోవచ్చు.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక గణిత అధ్యాపకురాలు