వార్షిక నివేదిక 2024–25: మన కాలనీలో విదేశీ కుటుంబాలు, మన పండుగలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన నివాసుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. లిఫ్టుల మరమ్మతులు, నీటి ట్యాంకర్ల ఖర్చు, సెక్యూరిటీ ఏజెన్సీ మార్పు, జమాఖర్చుల పట్టిక అన్నీ ఆఫీసు గదిలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. నెలనెలా సమావేశాల్లో వాటి గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఈసారి నివేదికను ఒక్క విషయానికే ఎక్కువగా కేటాయించాలని కార్యవర్గం అనుకుంది. ఉద్యోగాల కోసం వేరే దేశాల నుంచి వచ్చి మన బ్లాకుల్లో అద్దెకుంటున్న కుటుంబాల గురించి, మన పండుగల్లో వాళ్ళు ఎలా కలిశారన్న దాని గురించి.

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు దగ్గర కావడంతో ఇలాంటి కుటుంబాలు మన దగ్గర ఎప్పుడూ కొన్ని ఉంటాయి. రెండు మూడేళ్ళు ఉండి వెళ్ళిపోతారు, వేరే వాళ్ళు వస్తారు. ఇన్నాళ్ళూ వినాయక చవితికి వాళ్ళను పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి, ప్రసాదం ఇచ్చి పంపడం ఆనవాయితీ. అందులో గౌరవం ఉంది, ప్రేమ కూడా ఉంది. అయినా రోజూ మనతో పాటు లిఫ్టులో దిగే మనిషి, పిల్లల్ని మన పిల్లలతో ఒకే బస్టాపులో ఎక్కించే తల్లి, పండుగ రోజున మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేది. ఈ ఏడాది శాలువాలు ఆపేసి పనులు అప్పగించాం. పండుగ మనదనిపించాలంటే అందులో మన చేతి పని ఉండాలన్నది కార్యవర్గం నమ్మకం.

వచ్చిన కొత్తలో

పండుగల కంటే ముందు కాగితాల సంగతి చెప్పాలి. ఎందుకంటే అసలు టెన్షన్ అక్కడే. విదేశీయులకు ఇల్లు అద్దెకిచ్చిన యజమాని వాళ్ళు దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాలు తెలిపే పత్రం (2024–25లో దాని పేరు ‘ఫారం సి’) దాఖలు చేయాలి. ఇది హోటళ్ళకే అనుకునే యజమానులు మన దగ్గర చాలామంది ఉన్నారు. 180 రోజులకు మించిన ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళు 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. దానికి అద్దె ఒప్పందం, యజమాని వివరాలు కావాలి. ఆ నమోదు కాగితం చేతికి వచ్చాకే బ్యాంకు ఖాతా లాంటి పనులు ముందుకు కదులుతాయి. ఆధార్ కావాలంటే దరఖాస్తుకు ముందు ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉండి ఉండాలి. అంటే మొదటి ఆరు నెలలూ ఎక్కడ ఆధార్ అడిగినా పాస్‌పోర్టు చూపించి మొదటి నుంచీ వివరించుకోవాల్సిందే.

బ్యాంకు ఖాతా వచ్చేదాకా మరో ఇబ్బంది ఉంది. కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉన్న ఊళ్ళో నగదుతో బతకాలి, ఐదొందల నోటుకు చిల్లర దొరకదు. మన గేటు దగ్గరి కిరాణా అతను ఈ కుటుంబాలకు పద్దు రాసుకుని నెలాఖరున తీసుకుంటున్నాడు. సంఘం తరఫున ఆయనకు ధన్యవాదాలు.

మన యువ వాలంటీర్లు ఇంగ్లీషులో ఒక చిన్న కరపత్రం తయారుచేశారు. తడి చెత్త, పొడి చెత్త ఎలా వేరుచేయాలి, మంజీరా నీళ్ళు ఏ వేళకు వస్తాయి, ఇస్త్రీ బట్టలు ఎవరికి ఇవ్వాలి, అర్ధరాత్రి జ్వరం ముదిరితే 108కి ఎలా చెప్పాలి, వానాకాలంలో బాల్కనీ కుండీల్లో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ ఎలా పెరుగుతుంది, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. పనిమనిషి విషయం మాత్రం కాగితం మీద పెట్టలేకపోయాం. జీతం ఎంత, ఏయే పనులు ఒప్పుకున్నట్టు, దసరాకు మామూలు ఎంత, చీర పెట్టాలా అన్నవి పక్కింటివాళ్ళు కూర్చోబెట్టి చెప్పాల్సినవే. మూడో బ్లాకు గృహిణులు ఆ బాధ్యత తీసుకున్నారు.

వినాయక చవితి

2024లో చవితి సెప్టెంబర్ 7న వచ్చింది. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో రాష్ట్రమంతా కుండపోత. ఖమ్మం వైపు ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. మన పందిరి పని ఆగింది. చందాల్లో కొంత వరద బాధితులకు పంపాలని సభ్యులు కోరారు, పంపాం. విగ్రహం మట్టిదే, చిన్నదే పెట్టాం. పిల్లలకు బంకమట్టి ఇచ్చి ఎవరి వినాయకుణ్ణి వాళ్ళే చేసుకోమన్నాం. జర్మనీ నుంచి వచ్చిన కుటుంబంలోని ఇద్దరు పిల్లలు ఆ మధ్యాహ్నమంతా తొండం నిలబెట్టడానికి తంటాలు పడ్డారు. పత్రి సేకరణ కూడా పిల్లలకే అప్పగించాం. ఇరవై ఒక్క రకాలూ దొరకలేదు గానీ గరిక, మారేడు, జిల్లేడు, ఉమ్మెత్త ఆకు చూసి గుర్తుపట్టడం మన పిల్లలకూ కొత్తే.

నిమజ్జనం సెప్టెంబర్ 17న. అదే రోజు కొరియావాళ్ళకు పంటల పండుగ చుసోక్. రెండో బ్లాకులోని కొరియా కుటుంబం ఆ రోజు సొంత ఊళ్ళో పెద్దలకు మొక్కుకుని, బియ్యప్పిండిలో నువ్వుల పూర్ణం పెట్టి అర్ధచంద్రాకారంలో ఒత్తి ఆవిరి మీద ఉడికించే సాంగ్‌ప్యాన్ తినాలి. పక్కనే మన వంటవాళ్ళు పూర్ణం కుడుములకు పిండి కలుపుతున్నారు. అప్పటికప్పుడు అనుకుని రెండూ ఒకే ఇడ్లీపాత్రలో ఉడికించారు. కుడుములు నైవేద్యానికి వెళ్ళాయి, సాంగ్‌ప్యాన్ ఆ కుటుంబం పెద్దల పేరున పెట్టుకున్నాక అందరికీ పంచారు. ఏడాది మొత్తం మీద కార్యవర్గానికి అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఆ సాయంత్రమే.

ప్రసాదాల విషయంలో ఒక మార్పు ఇక ముందూ కొనసాగాలి. ఒక విదేశీ పాపకు పల్లీలు పడవు. పులిహోరలో పల్లీ, చలిమిడిలో జీడిపప్పు ఉంటాయని తెలియజేయడానికి ప్రతి గిన్నె ముందూ చిన్న చీటీ పెట్టాం. తీరా చూస్తే అలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలు మనలోనూ ఉన్నారు. ఆ తల్లులు వచ్చి మరీ సంతోషం చెప్పారు.

బతుకమ్మ, దసరా

అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై 10న సద్దుల బతుకమ్మతో ముగిసింది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతి, చామంతి తెప్పించాం. తంగేడు, గునుగు మాత్రం రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే ఊరి ఆడవాళ్ళ దగ్గరే కొన్నాం. వాళ్ళకు నాలుగు రూపాయలు ముడితేనే పండుగ.

మొదటి రోజు విదేశీ మహిళలు ఫోన్లు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. మూడో బ్లాకు పెద్దమ్మ ఒకరు పిలిచి, “నిలవడి చూసుడు కాదు బిడ్డా, కూసొని పేర్చు” అన్నారు. భాష రాకపోయినా మాట అందింది. గునుగుపూల కాడలు సమంగా కోయడం, కట్టలు కట్టి రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం వాళ్ళ పని అయింది. తాంబాలంలో తంగేడు ఆకు పరిచి, అడుగున వెడల్పుగా మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ వరుస తగ్గిస్తూ పేర్చడం మాటలు కాదు. మధ్యలో ఆకులూ తుంచిన కాడలూ కూరకపోతే కూలిపోతుంది. ఆరో రోజు, అలిగిన బతుకమ్మ నాడు, పేర్చరని తెలియక ఒకావిడ పొద్దున్నే పూలు పట్టుకుని వచ్చేశారు. ఆ పూలతో గుడిలో అమ్మవారికి దండ కట్టారు. సద్దుల నాటికి ఆవిడే తన ఎత్తు బతుకమ్మను సొంతంగా పేర్చి, పైన గుమ్మడిపూవులో పసుపు గౌరమ్మను పెట్టి, చప్పట్లు తప్పకుండా చివరిదాకా ఆడారు. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద చెరువుగట్టునే పంచుకున్నాం.

12న దసరా. జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్ళకు మొక్కడం, అలయ్ బలయ్ చెప్పడం విదేశీ పిల్లలకు మహా ఇష్టమైంది. ఇల్లిల్లూ తిరిగారు.

దీపావళి

ఇక్కడ కార్యవర్గం గట్టిగానే మాట్లాడాలి. అక్టోబర్ 31న రాత్రి 8 నుంచి 10 వరకే, అదీ వెనక మైదానంలోనే టపాసులు అని ముందే నోటీసు పెట్టాం. అది మన సొంత నియమం కాదు, 2018లో సుప్రీంకోర్టు చెప్పిన సమయం. పసిబిడ్డ ఉన్న ఒక విదేశీ కుటుంబం, గుండెజబ్బున్న మన పెద్దాయన ఒకరు ముందే విన్నవించుకున్నారు కూడా. అయినా కొందరు పదకొండు దాటాక సెల్లార్ ముందు లక్ష్మీబాంబులు కాల్చారు. విదేశీయుల కోసం మన పండుగ తగ్గించుకోవాలా అని వాదించిన వాళ్ళకు ఒకటే జవాబు: ఆ పెద్దాయన విదేశీయుడు కాదు. వచ్చే ఏడాది నోటీసుతో పాటు జరిమానా కూడా ఉండాలని ప్రతిపాదిస్తున్నాం.

సంక్రాంతి

జనవరి 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. పండుగకు నగరం ఎలా ఖాళీ అవుతుందో మనకు తెలిసిందే. సగం ఫ్లాట్లకు తాళాలు, వాచ్‌మన్లు, డ్రైవర్లు, పనివాళ్ళు అందరూ ఊళ్ళకు. ఇన్నేళ్ళూ మన నివేదికల్లో సంక్రాంతి అంటే ఖాళీ. ఊరు వెళ్ళని వాళ్ళు కూడా ఇక్కడ ఉంటారని, వాళ్ళలో విదేశీ కుటుంబాలే ఎక్కువని ఈ ఏడాది గమనించాం. వాళ్ళూ, ఒడిశా, బెంగాల్ కుటుంబాలూ కలిసి వంతులవారీగా రాత్రి గేటు దగ్గర కూర్చున్నారు, ఊళ్ళకు వెళ్ళినవాళ్ళ తులసి మొక్కలకు నీళ్ళు పోశారు, మూసి ఉన్న ఫ్లాటులో నీటి పైపు పగిలితే యజమానికి వీడియో కాల్ చేసి వాల్వు కట్టేశారు. పిల్లలు డాబా మీద నూలు దారంతోనే గాలిపటాలు ఎగరేశారు. నిషేధమున్న చైనా మాంజా మన గేటు దాటి లోపలికి రాలేదు. తిరిగొచ్చినవాళ్ళు అరిసెలు, సకినాలు తెచ్చి వాళ్ళ ఇళ్ళకు ఇచ్చారు.

క్రిస్మస్ చిన్నగానే జరిగింది. మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ రావడంతో పచ్చడి గిన్నెలు, షీర్ ఖుర్మా గిన్నెలు ఎదురుబొదురుగా ఇల్లిల్లూ తిరిగాయి. నైజీరియా నుంచి వచ్చిన కుటుంబం తమ మొదటి హైదరాబాద్ రంజాన్‌కు మొత్తం ఐదో అంతస్తును భోజనానికి పిలిచింది.

సర్వసభ్య సమావేశం ముందుకు

మన బైలా ప్రకారం ఫ్లాటు యజమానులకే సభ్యత్వం. అద్దెకున్నవాళ్ళు నెలనెలా మెయింటెనెన్స్ కడతారు, పండుగకు చందా ఇస్తారు, ఇప్పుడు పని కూడా చేస్తున్నారు, సమావేశంలో మాత్రం మాట్లాడలేరు. విదేశీయులైనా స్వదేశీయులైనా ఏడాదికి పైగా ఉంటున్న అద్దె కుటుంబాలకు ఓటు లేని అనుబంధ సభ్యత్వం, పండుగల కమిటీలో రెండు స్థానాలు ఇవ్వాలన్నది మా ప్రతిపాదన. దీనిపై చేతులెత్తి ఓటు వేయాలి. ఫారం సి దాఖలు చేసినట్టు యజమాని రసీదు ఇస్తేనే గేటు పాస్ ఇవ్వాలన్నది రెండో ప్రతిపాదన.

2025లో ఆషాఢం జూన్ 26న మొదలవుతుంది. బోనాల కుండలకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టే పనికి, వేపమండలు తెచ్చే పనికి పేర్లు ఇవ్వదలచినవాళ్ళు జూన్ 15 లోపు ఆఫీసులో రాయించండి. ఆగస్టు 27 చవితి మట్టి కోసం కుమ్మరికి ముందే చెప్పాలి కాబట్టి పిల్లల సంఖ్య కూడా అప్పుడే చెబితే మంచిది.

ఇట్లు,
కార్యదర్శి