ఆగిపోయిన విండోస్ కీల గురించి మా ఖాతాదారులకు

మా విజయనగరం కొట్టులో విండోస్ 11 తీయించి విండోస్ 10 ప్రో వేయించుకున్న వారిలో కొందరికి ఈమధ్య తెర కుడివైపు అడుగున "యాక్టివేట్ విండోస్" అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. మేము వేసిన కీలు, అంటే విండోస్‌ను యాక్టివేట్ చేసే 25 అక్షరాల సంకేతాలు, ఆగిపోవడమే దీనికి కారణం. వారిలో ఎక్కువమంది మాకు ఏళ్ల తరబడి తెలిసినవారే కనుక, ఆ నోటా ఈ నోటా విని మరోలా అనుకొనే లోపు జరిగినదంతా నేనే రాయడం మంచిదనిపించింది. ముందుగా చెప్పవలసినది, మీ ఫైళ్లకు ఏమీ కాదు. యాక్టివేషన్ (ఈ విండోస్ సరైన కీతో నడుస్తోందన్న మైక్రోసాఫ్ట్ ఆమోదం) పోయిన విండోస్ 10లో లెక్కలు రాసుకొనే ట్యాలీ తెరుచుకుంటుంది, ప్రింటు వస్తుంది, నెట్ పనిచేస్తుంది. తెర మీది బొమ్మ, రంగులు మార్చుకొనే సెట్టింగులు మాత్రం మూసుకుపోతాయి. కాబట్టి కంగారుపడి ఎక్కడో ఒకచోట ఫార్మాట్ చేయించవద్దు. కీ ఆగిపోయినందువల్ల పోని డేటా, ఆ తొందరలో పోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌ల అడుగున కీ రాసిన స్టిక్కరు ఉండదన్నది మీరూ గమనించే ఉంటారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి తయారీదారులు కీని మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసి పంపుతున్నారు. విండోస్ వేసేటప్పుడు సెటప్ దానిని తానే చదువుకుంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే ధరలోని ల్యాప్‌టాప్‌ల చిప్‌లో ఉండేది హోం ఎడిషన్ కీ. ఆఫీసు డొమైన్‌లో (యంత్రాలన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే నెట్‌వర్కులో) కలపవలసినవారికి, షాపులోని ట్యాలీని రాత్రి ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో చూసుకోవలసినవారికి హోం సరిపోదు, ప్రో కావాలి. దానికి కీ విడిగా కొనాలి. ఆ కీలను నేను విశాఖపట్నంలోని ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర, బిల్లు మీద, "విండోస్ 10 ప్రో రిటైల్ లైసెన్సు" అని రాయించుకొని మరీ తెచ్చాను. ర్యాములు, ఎస్‌ఎస్‌డీలు, ఛార్జర్లు ఎన్నో ఏళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. బాకీ పెట్టిన రోజు లేదు.

కీ వేసిన ప్రతి యంత్రంలోనూ కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే తెర) తెరిచి "ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ డీఎల్ఐ" అని కొట్టి చూడడం మా కొట్టు పద్ధతి. అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో ఆ కీ ఏ కోవకు చెందినదో, దాని చివరి ఐదక్షరాలేమిటో కనిపిస్తాయి. ఓఈఎం అంటే యంత్రంతో పాటు వచ్చినది, రిటైల్ అంటే విడిగా కొన్నది, వాల్యూమ్ అంటే ఏదో ఒక పెద్ద సంస్థ తన యంత్రాలన్నిటికీ కలిపి తీసుకున్నది. వాల్యూమ్ అని వస్తే ఆ కీ మనకు అమ్మదగినది కాదని అక్కడే తెలిసిపోతుంది. ఈ కీలన్నీ రిటైల్ అనే చూపించాయి. చివరి ఐదక్షరాలను ఖాతాదారు పేరు పక్కన రిజిస్టరులో రాసుకున్నాను. ఈ రాత అనవసరమని మా కుర్రాళ్లు నవ్వేవారు.

ఆ రిజిస్టరే దొంగను పట్టింది. బొబ్బిలిలో వేరొక కొట్టులో ప్రో వేయించుకున్న ఒకాయన కీబోర్డు పాడై మా దగ్గరకు తెచ్చారు. పని అయ్యాక అలవాటు కొద్దీ చూస్తే, ఆయన కీ చివరి ఐదక్షరాలు మా రిజిస్టరులో నెల్లిమర్ల ఖాతాదారు ఒకరి పేరు పక్కన ఉన్నవే. ఒకసారి ఒకే కీని ఇద్దరికి అమ్మిన సంగతి బయటపడ్డాక మిగిలినవి కూడా ఏమాత్రం నమ్మదగినవో వేరే చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేరు తయారుచేసేవారికి పరీక్షల కోసం చందా పద్ధతిలో ఇచ్చే కీలు కూడా రిటైల్ అనే చూపిస్తాయి, ఒక్కొక్కటి ఒకటికి మించిన యంత్రాల మీద యాక్టివేట్ అవుతాయి. అటువంటి కీని చిల్లరగా అమ్మడానికి ఎవరికీ అధికారం లేదు. పట్టుబడినప్పుడు మైక్రోసాఫ్ట్ సర్వరు దానిని బ్లాక్ చేస్తుంది, మీ తెర మీద చివర సీ003 అని ముగిసే ఎర్రర్ కోడ్ వస్తుంది. మీలో పలువురికి వచ్చినది సరిగ్గా అదే.

వ్యాపారికి ఫోన్ చేస్తే, "ఇచ్చిన రోజు పనిచేసిందా లేదా, మా గ్యారంటీ యాక్టివేషన్ వరకే" అన్నారు. కీలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే చెప్పలేదు. బిల్లు మీద లైసెన్సు అని రాశారు కదా అంటే, యాక్టివేట్ అయితే లైసెన్సు ఉన్నట్టేనని నాకు పాఠం చెప్పబోయారు. యాక్టివేట్ కావడం వేరు, హక్కు ఉండడం వేరు అన్నాను. నకిలీ తాళంతో కూడా తలుపు తెరుచుకుంటుంది, అంతమాత్రాన ఇల్లు మనదైపోదు. చివరికి ఆయన మెత్తబడి మరికొన్ని కీలు ఊరికే పంపుతానన్నారు. వద్దన్నాను. దానికి ఆయన, "విజయనగరంలో ఇంత పట్టింపు ఎవరికుందండీ, ఏదో ఒక టూల్ కొట్టేసి పంపించేయండి" అన్నారు. పోయిన సొమ్ము సంగతి ఎలా ఉన్నా, ఆ మాట నాకు ఇప్పటికీ దిగలేదు. మన ఊరివాళ్లకు ఏది ఇచ్చినా చెల్లుతుందనుకొనే విశాఖ వ్యాపారుల ధోరణి నాకు కొత్త కాదు కానీ, నా ముఖం మీదే అంటారని అనుకోలేదు.

ఆ "టూల్" (లైసెన్సు లేకుండానే విండోస్‌ను యాక్టివేట్ చేసే క్రాక్ ప్రోగ్రాము) సంగతి కూడా చెబుతాను. ఎందుకంటే మీలో కొందరు నన్నే అదే అడిగారు. పెద్ద సంస్థలలో ప్రతి యంత్రమూ విడివిడిగా మైక్రోసాఫ్ట్‌తో మాట్లాడకుండా, లోపలే కేఎంఎస్ అనే సర్వరు పెట్టుకొని దానితో యాక్టివేట్ అవుతాయి. ఆ యాక్టివేషన్ 180 రోజులు నిలుస్తుంది, ఆ లోపు యంత్రం మళ్లీ సర్వరును పలకరించి గడువు పొడిగించుకుంటుంది. క్రాక్ టూల్ చేసేది మీ ల్యాప్‌టాప్‌లోనే ఒక దొంగ కేఎంఎస్ సర్వరును కూర్చోబెట్టడం. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది, లేదా తనను పట్టుకోవద్దని దానికి చెప్పించుకుంటుంది. జీఎస్‌టీ పాస్‌వర్డు, బ్యాంకు లాగిన్ ఉన్న యంత్రంలో, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకు కాపలాదారుణ్ణి పక్కకు పంపి మరీ తలుపు తీయడం నా చేతులతో చేయను. ఈ విషయంలో నాకు ఊగిసలాట లేదు.

ఊగిసలాడినది మరొక దగ్గర. హోం కీ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 హోం వేస్తే, చిప్‌లోని అదే కీతో మామూలుగా యాక్టివేట్ అయిపోతుంది. క్రాక్ లేదు, బయటి కీ లేదు, బ్లాక్ అవుతుందన్న భయమూ పెద్దగా లేదు. కానీ యంత్రంతో పాటు వచ్చే లైసెన్సు ఒప్పందంలో పాత వెర్షన్‌కు వెళ్లే హక్కు ప్రో ఎడిషన్‌కే ఇచ్చారు, హోం కొన్నవారికి ఇవ్వలేదు. మా దగ్గరకు డౌన్‌గ్రేడ్ కోసం వచ్చే పనిలో పెద్ద భాగం ఈ హోం ల్యాప్‌టాప్‌లదే. మా ఇంట్లో కూడా దీనిపై మాటలు జరిగాయి; ఎవరికీ నష్టం లేని పనిని ఎందుకు వదులుకోవాలని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. రెండు కొట్ల అవతలే ఆ పని చేస్తున్నారు, చేస్తారు కూడా. అయినా, యాక్టివేట్ కావడం వేరు, హక్కు వేరు అని ఆ వ్యాపారి మీద గొంతు చించుకున్నవాణ్ణి, నాకు లాభం ఉన్నచోట మాత్రం యాక్టివేట్ అయింది కదా అని ఎలా అనగలను? చాదస్తమంటే అనండి. హోం ల్యాప్‌టాప్‌లకు వెనక్కి మార్చే పని మా కొట్టులో ఆపేశాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరిన ఇంటి వాడుకదార్లకు కూడా గడువు 2026 అక్టోబరు 13 వరకే మొదట ప్రకటించారు. ఈ లెక్క నా నిర్ణయాన్ని సులువు చేసిందన్న మాట నిజమే కానీ, నిర్ణయం దాని వల్ల తీసుకున్నది కాదు.

ప్రో ల్యాప్‌టాప్ కొన్నవారికి ఈ ఇబ్బంది ఉండేది కాదు. విండోస్ 11 ప్రోతో వచ్చిన యంత్రంలో విండోస్ 10 ప్రో వేసుకొనే హక్కు మీకుండేది, కానీ ఒప్పందం ప్రకారం అది పాత వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఉన్నంతకాలమే. విండోస్ 10 ప్రోతో వచ్చిన కొంచెం పాత యంత్రమైతే 8.1 ప్రోకూ, 7 ప్రొఫెషనల్‌కూ వెళ్లే హక్కు కూడా అలాగే ఉండేది. అయితే 7కు కావలసిన కీ చిప్‌లో ఉండేది కాదు. న్యాయంగా కొన్న 7 ప్రొఫెషనల్ కీ మరొకటి మీ దగ్గర ఉండవలసి వచ్చేది, అది మరో యంత్రం మీద వాడినదైతే నెట్‌లో యాక్టివేట్ అయ్యేది కాదు, మైక్రోసాఫ్ట్ మనిషితో మాట్లాడి డౌన్‌గ్రేడ్ హక్కు మీద అడుగుతున్నామని చెప్పవలసి వచ్చేది. తెర మీది తొమ్మిది గుంపుల అంకెలు వారికి చదివి, వారిచ్చే 48 అంకెలు ఎక్కించే ఓపిక ఉండవలసి వచ్చేది. ఇటీవలే 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ అయి నచ్చనివారు మాత్రం మా దగ్గరకు రానే అక్కరలేదు. పది రోజుల లోపైతే సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి "గో బ్యాక్" నొక్కితే పాత విండోస్ మీ ఫైళ్లతో సహా తిరిగి వస్తుంది.

డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) వారికి విడిగా చెప్పాలి, ఎందుకంటే మాఘ, ఫాల్గుణ ముహూర్తాల ముందు శుభలేఖల పని మీద ఉన్నవారి నుంచే నాకు ఎక్కువ ఒత్తిడి వస్తుంది. తెలుగు అక్షరాలకు అనుస్క్రిప్ట్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 7 వాడి చేయి తిరిగినవారికి కొత్త విండోస్ నచ్చదని నాకు తెలుసు. పేజ్‌మేకర్ 7 2001లో వచ్చినది, దాని తర్వాత చిన్న సవరణలే తప్ప మరొక పెద్ద వెర్షన్ రాలేదు. కానీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 వేయమని అడగవద్దు. విండోస్ 7 సెటప్‌లో యూఎస్‌బీ 3 డ్రైవరు (ఆ పోర్టును నడిపే ప్రోగ్రాము) లేదు కనుక మొదటి తెర దగ్గరే మౌసు, కీబోర్డు చచ్చిపోతాయి; ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు దానికి కనబడదు; పాత పద్ధతిలో బూట్ అయ్యే వీలు చాలా కొత్త బోర్డులలో తీసేశారు. అవన్నీ తంటాలు పడి దాటించినా గ్రాఫిక్స్ డ్రైవరు దొరకదు. దానికి బదులు అడుగున విండోస్ 7 ప్రొఫెషనల్ స్టిక్కరు చెరిగిపోకుండా ఉన్న పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌ను వెతికిపెడతాను. స్టిక్కరు మీది 25 అక్షరాలు చదవగలిగితే చాలు, ఆ విండోస్ మీదే. 7కు మామూలు వాడుకదార్లకు వచ్చే భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి కనుక దానికి నెట్ తగిలించకండి, పెన్‌డ్రైవ్‌ను కూడా ముందు మరో యంత్రంలో స్కాన్ చేయండి. మెయిల్‌కూ, ఫోన్‌పేకూ కొత్త ల్యాప్‌టాప్ అలాగే ఉండనివ్వండి.

ఇక ఆగిపోయిన కీల వారి సంగతి. మీరు కీకి కట్టిన మొత్తం పూర్తిగా తిరిగి ఇస్తాను. ఆ వ్యాపారి నాకు తిరిగి ఇస్తాడా లేదా అన్నది నా తలనొప్పి, మీది కాదు. ల్యాప్‌టాప్‌ను విండోస్ 11 హోంకు తిరిగి మార్చి, చిప్‌లోని మీ సొంత కీతో యాక్టివేట్ చేసి ఇస్తాను, కూలి తీసుకోను. ప్రో తప్పనిసరి అయినవారు మైక్రోసాఫ్ట్ స్టోరు నుంచి మీ కార్డుతో, మీ పేరు మీద కొనుక్కోండి. పక్కన కూర్చొని చేయించి పెడతాను కానీ, కీలు నేను అమ్మను. ఇక ఎప్పటికీ అమ్మను.

వచ్చేటప్పుడు మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డు గుర్తు చేసుకొని రండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య లిపిలో తాళం పడి) ఉంటుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే యంత్రం సెట్టింగులలో) ఏదైనా మార్చగానే నీలిరంగు తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది ఆ ఖాతాలోనే ఉంటుంది. ఫైళ్లు మరో డిస్కులోకి తీసి, మీరు చూసి సరేనన్నాకే ఫార్మాట్ మొదలుపెడతాను. సిరిమానోత్సవం రోజుల్లో కోట వైపు బండి రాదు కనుక చీపురుపల్లి, గజపతినగరం నుంచి వచ్చేవారు ఆ వారం మానుకుంటే మంచిది. బిల్లు పోయినా పరవాలేదు. మీ పేరు చెబితే రిజిస్టరు తీసి, మీ పేరు పక్కనున్న ఐదక్షరాలూ మీ తెర మీదివీ ఒకటేనో కాదో మీకే చూపిస్తాను.