దుప్పట్లు సరే, పాదాల సంగతి?

సంపాదకులకు,

జనవరి 30న కుష్ఠు నివారణ దినం పేరుతో మన క్రైస్తవ సంఘాల వాళ్లు కుష్ఠురోగుల కాలనీలకు వెళ్తారు. దుప్పట్లు, పళ్లు పంచి, వాక్యం చెప్పి, ఫొటో దిగి వస్తారు. తప్పేమీ లేదు. అయితే షరతుల్లేని ప్రేమ అని చెప్పే చోటే షరతులు ఎలా దూరుతాయో ఆ కాలనీల్లో పుండ్లకు కట్లు కట్టే మాలాంటి వాళ్లకు కనబడుతూనే ఉంటుంది.

ఆరు నెలలో పన్నెండు నెలలో మందులు మింగితే రోగం పోతుంది. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటదు. పూర్తిగా దెబ్బతిన్న నరం మాత్రం తిరిగి రాదు. వేడి టీ గ్లాసుకు వేళ్లు బొబ్బలెక్కినా, నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. మనకు కాలిలో ముల్లు గుచ్చుకుంటే కుంటుతాం, ఆ కుంటడమే కాలికి విశ్రాంతి. వీళ్లకు కుంటించే నొప్పే లేదు కనుక పుండు మీదే నడిచి కూలికి పోతారు. అది ఎముక దాకా దిగుతుంది.

ఇక మన గుడి సంగతి. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఎండకు కాలిన సిమెంటు మీద నడిచి రావాలి. చాప మీద రెండు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చీలమండ బయటి ఎముక దగ్గర చర్మం నలిగి పుండవుతుంది. ఇలాంటి పాదాలున్నవారి చెప్పులు లోపలికి రానివ్వండి, అందరి మధ్యా వారికి ఒక కుర్చీ వేయండి. ప్రభు బల్ల దగ్గర వంకరపోయిన వేళ్లు ద్రాక్షారసపు చిన్న గిన్నెను పట్టలేవు. పాస్టరు గారే నోటికి అందించాలి, అదీ అందరూ అయ్యాక కాదు, వరుసలోనే.

చెప్పులు కొనిచ్చే దాతలకు ఒక మాట. కొలత లేకుండా తెచ్చి పంచిన చెప్పులే కొత్త పుండ్లు తెస్తాయి. మెత్తటి ఎంసీఆర్ (సన్నటి గాలి బుడగలున్న రబ్బరు) అడుగు, మడమ వెనక పట్టీ ఉండాలి, ఎక్కడా మేకు ఉండకూడదు. వేళ్లకు పట్టు లేనివాడి కాలి నుంచి మామూలు చెప్పు జారిపోయినా అతనికి తెలియదు. వీటిని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, పాదం కొలత ఇప్పించడానికి ఒకరు వెంట వెళ్తే చాలు.

రోజూ చేయాల్సిన పని ఇంకా చిన్నది. పుండు లేని పాదాలను చన్నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. వేడినీళ్లు పనికిరావు, కాలినా తెలియదు. గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. ఈ కాళ్లకు చెమట పట్టదు, నూనె లేకపోతే మడమలు పగులుతాయి. తర్వాత అరికాలు చూసుకోవాలి. చూపు ఆననివారికి ఇంకొకరు చూడాలి. స్త్రీల సమాజం వాళ్లు వంతులు వేసుకుంటే ఇది భారమేమీ కాదు.

ఇంత చేసినా పుండు మళ్లీ వస్తుంది. మన ప్రేమ సాధారణంగా ఆగేది అక్కడే. "ఎంత చెప్పినా వినడు" అనేస్తాం. పుండు మానాలి, మాట వినాలి, ఆదివారం గుడికి రావాలి: ఇవి ఎవరూ కాగితం మీద రాయని షరతులు. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు శుద్ధులైతే, తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్క సమరయుడే. తొమ్మండుగురు ఏరీ అని ప్రభువు అడిగాడు, అంతేగాని వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టిన మిషనరీ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ చేతిలో ఆనాడు ఉన్నది చాల్‌ముగ్రా అనే చెట్టు గింజల నూనే. నయమవుతుందన్న హామీ లేని మందు. అయినా మంచాలు వేశారు.

మనం మాత్రం, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉంటే 2019లో పార్లమెంటు తీసేసేదాకా దానితోనే కాపురం చేశాం.

ఈసారి దుప్పట్ల కానుకను కూలీగా మార్చమని సంఘ పెద్దలను కోరుతున్నాం. ఎముకకు సోకని పుండుకు సరైన కట్టు వేసి, కాలు నేల మీద మోపకుండా ఉంచితే చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. కూలికి వెళ్లేవాడు అన్నాళ్లు ఇంట్లో కూర్చోలేడు. ఆ వారాల కూలీ, బియ్యం, కట్టు మార్పించుకోవడానికి ఆటో ఖర్చు సంఘం పెట్టుకోవాలి. పుండు తిరగబెడితే రెండోసారీ పెట్టుకోవాలి. ఆయన ఏ గుడికి వెళ్తాడో, అసలు వెళ్తాడో లేదో ఆ పద్దు పుస్తకంలో రాయనక్కర్లేదు.

— పుండ్ల సంరక్షణ కార్యకర్తలు కొందరు,
నిజామాబాద్ జిల్లా