పిల్లి కాళ్లు పడిపోతే మొదటి ఖర్చు దేనికి?

సంపాదకులకు,

పిల్లి వెనక కాళ్లు ఈడుస్తోందంటే మన తిరుపతిలో కొందరు కారు మాట్లాడుకుని ఎమ్మారై కోసం చెన్నైకి పరిగెత్తుతారు, కొందరు అదే సర్దుకుంటుందని పెరట్లో వదిలేస్తారు. ఈ రెండింటికీ ముందు చూడాల్సినవి ఉన్నాయి.

ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడి, పిల్లి నొప్పితో అరుస్తూ, పాదాల కింది మెత్తలు చల్లబడి పాలిపోయినా నీలంగా మారినా అది వెన్ను దెబ్బ కాకపోవచ్చు. గుండెలో తయారైన రక్తపు గడ్డ వెనక కాళ్లకు వెళ్లే ధమనిలో అడ్డుపడి ఉండొచ్చు. కాపడం, మాలిష్ వద్దు. ఇందులో బతికేవి తక్కువే. అయినా నొప్పి తగ్గించే మందు అందడానికి మొదటి గంటే ముఖ్యం.

మిగతా సందర్భాల్లో వైద్యుడి పరీక్ష, ఎక్స్‌రే ముందు. 1955 నుంచి ఇక్కడే ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రిలో మొదలుపెట్టడం మేలు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, వెన్నుపాము కనబడదు. అందుకే డాక్టరు కాలివేలు గట్టిగా నొక్కి చూస్తారు. కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన స్పర్శ ఉన్నట్టు కాదు, అది వెన్నుపాము తనంతట తాను చేసే పని. తల తిప్పి చూస్తేనో, అరిస్తేనో ఆశ ఉంది.

కూనలైతే ఏం తిని పెరుగుతున్నాయో చెప్పండి. చికెన్ ముక్కల్లో ఒక పాలు కాల్షియానికి పదిహేను, ఇరవై పాళ్లు ఫాస్ఫరస్ ఉంటుంది. కార్జంలో తేడా ఇంకా ఎక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది. దాంతో కూన మంచం మీంచి దూకినా కాలు విరుగుతుంది. కూనల కోసం తయారుచేసిన సమతుల ఆహారం, కొన్ని వారాలు బోనులో విశ్రాంతి: చాలావాటికి ఈ పాటి వైద్యం చాలు. ముద్దుకొద్దీ పెట్టే కార్జమే ఇంత పని చేస్తుందంటే ఎవరూ నమ్మరు!

అసలు ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు మూత్రం దగ్గరే. నడుం పడిపోయిన పిల్లి తనంతట తాను పోయలేకపోవచ్చు. రోజుకు మూడుసార్లు పొట్ట కింద గుండ్రంగా తగిలే సంచిని రెండు పక్కల నుంచి మెల్లగా, ఆపకుండా నొక్కి ఖాళీ చేయాలి. ముందు డాక్టరు చేత్తో చూపించుకోండి. సంచి రాయిలా గట్టిగా ఉండి చుక్క రాకపోతే బలం పెట్టొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పికని ఇంట్లో ఉన్న మాత్రలు వేయొద్దు: పారాసిటమాల్ అర మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. దాని కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది.

ఎమ్మారైకి పిల్లికి పూర్తి మత్తు ఇవ్వాలి. డబ్బు కట్టేముందు డాక్టరును ఒకటే అడగండి: స్కాన్‌లో ఏం తేలితే ఆపరేషన్ చేస్తారు? ఆ ఆపరేషన్ చేయించే స్తోమత మీకు లేకపోతే, స్కాన్ తీసినా తీయకపోయినా చాలాసార్లు వైద్యం పెద్దగా మారదు. ఆ డబ్బు బోనుకు, మందులకు, అంచు తక్కువున్న ఇసుక ట్రేకు పనికొస్తుంది.

మూత్రసంచి ఖాళీ చేసే పద్ధతిని ఓపీ చీటీ వెనక బొమ్మతో, తెలుగులో అచ్చువేయాలని ఆసుపత్రుల అధికారులను కోరుతున్నాం. నోటిమాటగా చెబితే ఇంటికెళ్లేసరికి సగం మరిచిపోతారు.

– పెంపుడు జంతువుల సంరక్షకులు, తిరుపతి